తెల్ల గదిలో పడిపోయిన టోపీ

ఒక పెద్ద గది. గోడలు తెల్లగా, నేల తెల్లగా, ఒక్క బల్ల గాని కుర్చీ గాని లేకుండా బోసిగా ఉంటుంది. ఎదుటి గోడకు, ఎక్కడో దూరంగా, ఒక చిన్న తలుపు నల్లగా కనిపిస్తుంది. కెమెరా ఇవతలి పక్క ఎత్తులో నిలబడిపోయి, ఇక కదలదు. రెండు గుంపులు మనకు వీపు చూపిస్తూ ఆ తలుపు వైపు సాగుతాయి. ముందు గుంపులో మరణశిక్ష పడ్డ మనిషి ఉన్నాడు, వెంట పాద్రీ ఉన్నాడు. అతను తన కాళ్ల మీద తాను నడిచి పోతున్నాడు. వెనక గుంపులో ఆ శిక్షను అమలు చేయవలసిన మనిషి ఉన్నాడు. అతన్ని మాత్రం కాపలావాళ్లు రెక్కలు పట్టుకుని ఈడ్చుకుపోతున్నారు. ఆ పెనుగులాటలో అతని టోపీ జారి నేల మీద పడుతుంది. రెండు గుంపులూ ఆ చిన్న తలుపులోంచి లోపలికి వెళ్లిపోతాయి. అంత పెద్ద గదిలో టోపీ ఒక్కటే మిగులుతుంది. అప్పుడు ఒక మనిషి వెనక్కి వచ్చి, దాన్ని తీసుకుని, మళ్లీ ఆ తలుపులోకే పోతాడు.

స్పెయిన్ దర్శకుడు లూయిస్ గార్సియా బెర్లాంగా 1963లో తీసిన ‘ఎల్ వెర్దూగో’ అనే సినిమాలో, దాదాపు చివరన వచ్చే షాటు ఇది. ఆ పేరుకు అర్థం ‘తలారి’. ఈ సినిమా తనకు మొదట కథగా కాక ఈ ఒక్క దృశ్యంగానే తోచిందని, చంపబోయేవాణ్ణి, చావబోయేవాణ్ణి రెండు గుంపులుగా తీసుకుపోయే ఈ బొమ్మ కోసమే మిగతా గంటన్నర కథనూ అల్లుకున్నానని బెర్లాంగా చెప్పేవాడు. స్పానిష్ భాషలో వచ్చిన బ్లాక్ కామెడీలలో దీన్ని మొదటి వరసలో నిలబెడతారు. మరణశిక్షకు వ్యతిరేకంగా తీసిన గొప్ప చిత్రాలలో ఒకటిగా దీని పేరు చెబుతారు. ఆ మాట అబద్ధం కాదు, కాని అది నాకు చాలదు. మరణశిక్ష తప్పని ఒప్పించడానికే అయితే ఇంత నవ్వించవలసిన పని లేదు. శిక్ష పడ్డ మనిషి ముఖాన్ని దగ్గరగా చూపించి, అతని తల్లి చేత రెండు మాటలు చెప్పిస్తే మన కళ్లు తడిసేవి. బెర్లాంగా ఆ దారి తొక్కలేదు. ఒక ఫ్లాటు కోసం, ఒక పెళ్లి కోసం, మామగారి మాట కాదనలేక సంతకం పెట్టిన ఒక మామూలు మనిషిని మన ముందుంచి, ఆ సంతకం అతను పెట్టాలని మనమే కోరుకునేలా చేశాడు. ఈ సినిమా మొత్తం ఆ కోరికలోనే ఉందని నా నమ్మకం. నేను రాయాలనుకున్నది కూడా దాని గురించే.

కథ చెప్పడానికి ఎక్కువ సమయం పట్టదు. హోసే లూయిస్ మాడ్రిడ్‌లో శవాల బండి మీద పనిచేసే యువకుడు. జర్మనీ వెళ్లి మెకానిక్కు కావాలని అతని కల. ఒక రోజు జైల్లో శిక్ష అమలైన మనిషి శవాన్ని తీసుకురావడానికి వెళ్లినప్పుడు, అమాదేయో అనే ముసలి తలారి పరిచయమవుతాడు. పొట్టి మనిషి, బొంగురు గొంతు, చేతిలో ఒక నల్ల సంచి. ఆ సంచిలో గరోటె అనే ఇనప సాధనం ఉంటుంది. మెడకు పట్టీ బిగించి, వెనక నుంచి మర తిప్పి చంపే పద్ధతి అది. స్పెయిన్‌లో రాజు ఏడో ఫెర్నాండో 1832లో ఉరిని తీసేసి దీన్ని పెట్టాడు. ముసలాయన ఆ సంచిని శవాల బండిలో మరిచిపోతాడు. దాన్ని తిరిగి ఇవ్వడానికి ఆయన ఇంటికి వెళ్లిన హోసే లూయిస్‌కు ఆయన కూతురు కార్మెన్ కనిపిస్తుంది. తలారి కూతురని తెలిసిన మరుక్షణం ఆమెను చేసుకోవడానికి ఏ కుర్రాడూ ముందుకు రాడు. శవాలు మోసేవాడని తెలిసిన మరుక్షణం ఇతని పక్కన ఏ పిల్లా నిలబడదు. లోకం వెలివేసిన ఇద్దరూ ఒకరికొకరు దగ్గరవుతారు. కార్మెన్ గర్భవతి అవుతుంది, పెళ్లి జరుగుతుంది. ప్రభుత్వ ఉద్యోగిగా అమాదేయోకు కొత్త కాలనీలో ఒక ఫ్లాటు కేటాయించారు గాని, అది చేతికొచ్చే లోగా ఆయన రిటైర్ అయిపోతాడు. ఇంట్లో ఇంకెవరైనా అదే ఉద్యోగంలో చేరితే తప్ప ఫ్లాటు దక్కదు. అల్లుడు ఆ ఉద్యోగానికి దరఖాస్తు మీద సంతకం పెడతాడు. ఎవర్నీ చంపవలసిన అవసరం రాదని, ఎప్పుడూ ఆఖరి నిమిషంలో క్షమాభిక్ష వస్తుందని, నెలనెలా జీతం మాత్రం తీసుకుంటూ ఉండవచ్చని మామగారు ధైర్యం చెబుతారు. కొంతకాలానికి మయోర్కా దీవిలోని పాల్మా జైలు నుంచి పిలుపు వస్తుంది.

ఆ ఫ్లాటు దృశ్యాన్ని నేను చాలాసార్లు చూశాను. ఇంకా కడుతున్న భవనం అది. పై అంతస్తులో సగం లేచిన గోడల మధ్య ఆ కుటుంబం నిలబడి, ఇది వంటిల్లు, ఇది పడకగది, ఇక్కడ నాన్న పడుకుంటారు అని లెక్కలు వేసుకుంటుంది. గాలి వీస్తూ ఉంటుంది, వాళ్ల ముఖాల్లో సంతోషం ఉంటుంది. సొంత ఇల్లు లేని మనిషి ఎవరైనా ఆ దృశ్యాన్ని చూసి, వీళ్లకు ఈ ఇల్లు రాకపోతే బాగుండునని అనుకోలేడు. నేనూ అనుకోలేదు. అతను ఆఫీసుల వెంట తిరుగుతుంటే, సిఫారసు ఉత్తరం కోసం పుస్తకాల ప్రదర్శనలో అకాడమీ సభ్యుడైన ఒక రచయిత దగ్గరికి మామగారు తీసుకుపోతుంటే, మన మనసు వాళ్ల వైపే ఉంటుంది. ఆ పని అయిపోవాలి, ఆ కాగితం కదలాలి అని లోలోపల ఎదురుచూస్తాం. కాగితం కదిలాక, అది ఏం కాగితమో గుర్తొస్తుంది.

ఆ కాలపు స్పెయిన్‌ను కొంచెం తెలుసుకుంటే ఈ ఎదురుచూపు బరువు అర్థమవుతుంది. అంతర్యుద్ధం ముగిసి అప్పటికి ఇరవై నాలుగేళ్లు, దేశం ఇంకా నియంత ఫ్రాంకో చేతిలోనే ఉంది. పల్లెల నుంచి నగరాలకు వచ్చిపడిన జనానికి ఇళ్లు లేవు. 1957లో గృహనిర్మాణానికి ప్రత్యేకంగా ఒక మంత్రిత్వశాఖను పెట్టారు. ఆ శాఖ మొదటి మంత్రి అర్రెసే, మనకు కావలసింది శ్రామికుల దేశం కాదు, ఇంటి యజమానుల దేశం అన్నాడు. ఇల్లున్న మనిషి ఎదురు తిరగడని పాలకులకు బాగా తెలుసు. 1960లో జర్మనీతో కూలీల ఒప్పందం కుదిరాక యువకులు రైళ్లెక్కి అటు వెళ్లారు. మరో పక్క నుంచి విదేశీ టూరిస్టులు సముద్ర తీరాలకు రావడం మొదలైంది. వెళ్లగలిగినవాళ్లు వెళ్లారు, ఉండిపోయినవాళ్లు ఫ్లాటు కోసం క్యూలో నిలబడ్డారు. హోసే లూయిస్ వెళ్దామనుకుని ఉండిపోయినవాడు.

బెర్లాంగాతో కలిసి స్క్రీన్‌ప్లే రాసిన రఫాయెల్ అజ్కోనాకు ఈ క్యూల సంగతి ఇంకెవరికన్నా బాగా తెలుసు. ఆయన కథల్లో మనుషుల్ని ఆడించేది ఎప్పుడూ ఒక వస్తువే. ‘ఎల్ పిసీతో’ సినిమాలో అద్దె ఫ్లాటు చేజారిపోకుండా ఉండటానికి ఒక యువకుడు చావుకు దగ్గరైన ముసలావిడను పెళ్లాడతాడు. 1960 నాటి ‘ఎల్ కొచెసీతో’లో ఒక ముసలాయన మోటారు చక్రాల కుర్చీ కోసం తన ఇంటివాళ్ల మీదికే తెగిస్తాడు, ఆ ముసలాయన వేషం వేసిన హోసే ఇస్బెర్టే ఇక్కడ అమాదేయో. బెర్లాంగా, అజ్కోనా కలిసి 1961లో చేసిన ‘ప్లాసిదో’లో క్రిస్మస్ ముందు రోజు ఊరి పెద్దలంతా పేదల్ని ఇంటికి పిలిచి భోజనం పెట్టే పుణ్యకార్యంలో మునిగి ఉండగా, మూడు చక్రాల బండి మీద కట్టవలసిన వాయిదా సొమ్ము కోసం ఒక పేదవాడు సాయంత్రం దాకా తిరుగుతూనే ఉంటాడు. ఫ్లాటు, కుర్చీ, వాయిదా. ఈ మనుషుల్లో ఎవరూ దుర్మార్గులు కారు. వాళ్లకు కావలసింది చాలా చిన్నది, దానికి అడిగే ధర చాలా పెద్దది. ఆ రెండింటి మధ్య ఉన్న దూరమే అజ్కోనా హాస్యమంతా.

ఇక్కడ నా సంగతి కొంత చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ సినిమాను నేను బయటి నుంచి చూడలేను. మేము ఏలూరులో గవర్నమెంటు క్వార్టర్సులో పెరిగాం. రెండు గదులు, వెనక ఒక జామచెట్టు. నాన్నగారు సర్వీసులో ఉండగానే పోయారు. పన్నెండో రోజు భోజనాలు అయ్యీ అవ్వకముందే, క్వార్టర్సు ఎన్నాళ్లు ఉంచుతారన్న ప్రశ్న ఇంట్లో మొదలైంది. నాకు తెలుగు ఎం.ఏ. చదవాలని ఉండేది, సీటు కూడా వచ్చింది. కారుణ్య నియామకం కింద ఉద్యోగం వస్తుందని, చేరితే ఇల్లు ఖాళీ చేయనక్కర్లేదని మా మేనమామ దరఖాస్తు పట్టుకొచ్చారు. “ముందు సంతకం పెట్టరా, చదువెక్కడికి పోతుంది, తర్వాత రాజీనామా చేసేద్దువుగాని,” అన్నారు. అమ్మ ఏమీ అనలేదు. గుమ్మం దగ్గర నిలబడి నా వంక చూసింది. నేను సంతకం పెట్టాను. మామయ్య మీద నాకు కోపం లేదు. ఆ రోజు ఆయన స్థానంలో నేనున్నా అదే చెప్పేవాణ్ణి.

నా ఉద్యోగం బకాయిల వసూలు విభాగంలో. పది నెలలు ఫైళ్లతోనే గడిచాయి. తర్వాత ఒక రోజు జప్తుకు వెళ్లమన్నారు. ఒక చిన్న పెంకుటిల్లు. జాబితా రాయడం నా పని: సీలింగు ఫ్యాను ఒకటి, టీవీ ఒకటి, ఇనప బీరువా ఒకటి, అద్దముతో సహా. ఆ బీరువా అద్దం మీద, ఎడమ పక్కన, ఒక వరసలో బొట్టు బిళ్లలు అంటించి ఉన్నాయి. మెరూన్‌వి, నల్లవి, ఒకటి రెండు రాళ్లు పొదిగినవి. మనుషులు బీరువా ఎత్తబోతుంటే ఆ ఇల్లాలు, “ఒక్క నిమిషం బాబూ,” అని వచ్చి, గోటితో ఆ బిళ్లల్ని ఒక్కొక్కటే ఊడదీసి, పక్కన గోడకు అంటించుకుంది. సున్నం గోడ మీద అవి సరిగా అంటుకోక రెండు మూడు రాలిపోయాయి. అంతసేపూ నేను కలం పట్టుకుని నిలబడ్డాను. ఆ సాయంత్రం మా విభాగంలో పెద్దాయనతో, నాన్నగారి స్నేహితుడు, ఇక ఈ పనికి వెళ్లనండీ అని చెప్పాను. ఆయన కోప్పడలేదు. మొదటి రోజు మేమంతా ఇలాగే అన్నాంరా అబ్బాయ్, ఇంటికి పోయి పడుకో, అన్నారు.

చాలా ఏళ్ల తర్వాత ఒక ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనలో ‘ఎల్ వెర్దూగో’ చూశాను. ఆఖరున, పాల్మాలో పని ముగించి ఓడ దగ్గరకు వచ్చిన హోసే లూయిస్, ఇంకెప్పుడూ చేయను అంటాడు. మొదటిసారి నేనూ అలాగే అన్నాను అంటాడు మామగారు. హాల్లో చాలామంది నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఒక మనిషిని చంపడానికీ ఒక బీరువాను ఎత్తుకుపోవడానికీ మధ్య ఎంత దూరం ఉందో నాకు తెలుసు. నా అనుభవాన్ని దానితో సమానం చేసి చూపడం నా ఉద్దేశం కాదు. కాని ఆ రెండు చోట్లకూ వెళ్లే దారి ఒకలాగే మొదలవుతుంది. ఇంట్లోవాళ్ల కళ్లలో ఒక ఆశ ఉంటుంది, ఎదురుగా ఒక కాగితం ఉంటుంది, తర్వాత మానేయవచ్చులే అన్న ఒక మాట ఉంటుంది. సినిమాలో హోసే లూయిస్ కూడా రాజీనామా చేస్తానంటూనే ఉంటాడు. చేస్తే ఫ్లాటు పోతుంది, తీసుకున్న జీతం తిరిగి కట్టాలి. అందుకని వీధిలో ఇద్దరు పోట్లాడుకుంటుంటే పరుగెత్తుకెళ్లి విడదీస్తాడు, అది హత్య దాకా పోయి తన మెడకు చుట్టుకుంటుందేమోనని. రాజీనామా చేయలేని మనిషి లోకంలో నేరాలే జరగకుండా ఆపాలని చూస్తాడు. నేనూ కొన్నాళ్లు, మా జాబితాలో ఉన్నవాళ్లంతా ఎలాగో ఒకలాగు బాకీ కట్టేస్తే బాగుండునని దేవుడికి దండం పెట్టుకున్నాను.

చావు చుట్టూ హాస్యం అల్లడం చావుకే అవమానమని, నవ్వు వల్ల విషయం పలచబడుతుందని అనేవాళ్లు ఉన్నారు. నా మిత్రులలోనే ఉన్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. ఈ సినిమాలో నవ్వు ఎక్కడ పుడుతుందో చూస్తే ఆ మాట నిలవదు. పెళ్లి దృశ్యమే తీసుకోండి. వీళ్ల పెళ్లికి ముందు అదే చర్చిలో ఒక ధనవంతుల పెళ్లి అవుతుంది. తివాసీలు, పూలు, కొవ్వొత్తులు అన్నీ వాళ్లవి. ఆ పెళ్లివారు వెళ్లిపోగానే, హోసే లూయిస్, కార్మెన్ వేదిక ముందు నిలబడి ఉండగానే, చర్చి పనివాళ్లు తివాసీ చుట్టేస్తారు, పూలు తీసేస్తారు, కొవ్వొత్తులు ఒక్కొక్కటే ఆర్పేస్తారు. మంత్రాలు సాగుతూనే ఉంటాయి, వెలుతురు తగ్గుతూనే ఉంటుంది. ఎవరూ ఎవర్నీ తిట్టరు, ఎవరి ముఖంలోనూ ద్వేషం లేదు. అందరూ తమ పని తాము చేసుకుపోతున్నారు. ఈ నవ్వు మొత్తం ఆ ‘పని చేసుకుపోవడం’లోంచి వస్తుంది. అమాదేయో కూడా అంతే. అమెరికావాళ్ల విద్యుత్ కుర్చీ మనిషిని కాల్చి నల్లగా చేస్తుందని, ఫ్రెంచివాళ్ల గిలటిన్ ముక్కలు చేస్తుందని, ఆ లెక్కన మన గరోటే మర్యాదైన పద్ధతి అని, తన పనిముట్ల గురించి మాట్లాడే మంచి వడ్రంగిలా ఆయన మాట్లాడతాడు. హోసే ఇస్బెర్ట్ ఆ మాటల్ని క్రూరుడిలా పలకడు. మనవణ్ణి ఆడించే తాతలా పలుకుతాడు. మనం ఆ ముసలాయన్ని ఇష్టపడతాం. ఆయన్ని ఇష్టపడకుండా ఉండగలిగితే, ఈ సినిమా మనల్ని ఏమీ చేయలేకపోయేది.

పాల్మాలో కైదీకి జబ్బు చేసిందని, కోలుకునే దాకా ఆగాలని చెబుతారు. చంపడానికి ముందు నయం చేయాలి; నియమం అది. ఆగవలసిన ఆ రోజుల్లో హోసే లూయిస్ భార్యతో టూరిస్టులా తిరుగుతాడు, ఇది తన హనీమూన్ అని కూడా అనిపిస్తుంది అతనికి. ద్రాక్ గుహల్లో, భూగర్భ సరస్సు ఒడ్డున జనం చీకట్లో కూర్చుని ఉంటారు. పడవలో దీపాలు పెట్టుకుని వాయిద్యకారులు ఓఫెన్‌బాక్ సంగీతం వాయిస్తూ వస్తారు. ఇది అక్కడ టూరిస్టుల కోసం నిజంగా జరిగే ఏర్పాటే. ఆ సంగీతం మధ్యలోంచి ఇంకొక పడవ వస్తుంది. అందులో సివిల్ గార్డులు, అంటే అక్కడి పోలీసులు, ఉంటారు, మెగాఫోనులో అతని పేరు పెట్టి పిలుస్తారు. అతను లేచి నిలబడతాడు. అందరూ చూస్తుంటే ఆ పడవెక్కి పోతాడు. కొత్త స్పెయిన్ చూపించుకోవాలనుకున్న అందమంతా ఆ గుహలో ఉంది, పాత స్పెయిన్ ఆ పడవలో వచ్చింది, రెండూ తేలుతున్నది ఒకే నీళ్ల మీద. దీన్ని కన్నీళ్లతో చెప్పబోతే బోధ అయ్యేది. నవ్వుతో చెప్పడం వల్ల, ఆ నవ్వు మన గొంతులో ఉండగానే పడవ వచ్చేసింది.

ఈ సినిమాను అప్పుడు సరిగ్గా అర్థం చేసుకున్నది దాన్ని ద్వేషించినవాడే అనిపిస్తుంది నాకు. 1963వ సంవత్సరం స్పెయిన్‌లో రక్తంతో గడిచింది. ఏప్రిల్ 20న కమ్యూనిస్టు నాయకుడు హులియాన్ గ్రిమావును కాల్చి చంపారు. ప్రపంచమంతా నిరసనలు లేచాయి. ఆగస్టు 17న ఫ్రాన్సిస్కో గ్రనాదో, హోవాకిన్ దెల్గాదో అనే ఇద్దరు అనార్కిస్టు (ఏ ప్రభుత్వమూ వద్దనే వాదం) యువకుల్ని గరోటెతో చంపారు. ఆ తర్వాత కొన్ని రోజులకే వెనిస్ చిత్రోత్సవంలో ‘ఎల్ వెర్దూగో’ను ప్రదర్శించారు. ఫ్రాంకో దేశం నుంచి తలారి పేరుతో హాస్యచిత్రం వచ్చిందని తెలిసి ఇటలీలోని అనార్కిస్టులు, సినిమా చూడకుండానే, దానికి వ్యతిరేకంగా ఆందోళన చేశారు. అదే సమయంలో ఇటలీలో స్పెయిన్ రాయబారిగా ఉన్న సాంచెస్ బెల్లా ఆ సినిమా చూసి, తమ విదేశాంగ మంత్రికి కోపంగా ఉత్తరం రాశాడు: ఇది స్పెయిన్ మీద వేసిన ఘోరమైన అపనింద అని, దీని గురి ప్రభుత్వం మీద కాదు, మొత్తం సమాజం మీద అని. ఆ ఉత్తరం ఉద్దేశం సినిమాను ఆపించడం. కాని అందులో సినిమాను అర్థం చేసుకున్న తీరు మాత్రం నిజం. ప్రభుత్వాన్ని తిట్టే సినిమా అయితే చూసినవాడు చప్పట్లు కొట్టి తేలికైన మనసుతో ఇంటికి పోవచ్చు. ఇది ఇంటికి వెంట వస్తుంది. సెన్సారు కొన్ని నిమిషాలు కోసేసింది. ముసలాయన సంచిలో ఇనుము గలగలలాడే చప్పుడును కూడా వాళ్లు సహించలేదని అంటారు. చంపడం కనిపించని సినిమాలో ఆ చప్పుడొక్కటే చంపడాన్ని వినిపించేది. బెర్లాంగా కమ్యూనిస్టు కాదు, అంతకన్నా చెడ్డవాడు, చెడ్డ స్పానియార్డు అని ఫ్రాంకో అన్నట్టు చెప్పుకుంటారు. వెనిస్‌లో విమర్శకుల బహుమతి అందుకున్న ఈ చిత్రం 1964 ఫిబ్రవరిలో గాని మాడ్రిడ్ థియేటరుకు రాలేదు.

చెడ్డ స్పానియార్డు అనిపించుకున్న ఆ మనిషి జీవితం గురించి ఒక విషయం చెప్పకుండా ఉండలేను. బెర్లాంగా తండ్రి, ఫ్రాంకోకు ఎదురు నిలిచిన రిపబ్లికన్ పక్షపు ప్రజాప్రతినిధి. అంతర్యుద్ధం తర్వాత ఫ్రాంకో ప్రభుత్వం ఆయనకు మరణశిక్ష వేసింది. శిక్షను తగ్గించడానికి సాయపడుతుందేమోనని కొడుకు, ఇరవై ఏళ్లవాడు, హిట్లర్ సేనల పక్కన పోరాడటానికి రష్యా వెళ్లే స్పానిష్ దళంలో చేరాడు. ఇంటివాళ్ల కోసం తనది కాని యూనిఫారం తొడుక్కోవడమంటే ఏమిటో ఆయనకు పుస్తకాల వల్ల తెలిసిన సంగతి కాదు. హోసే లూయిస్ మీద ఈ సినిమా ఒక్క క్షణం కూడా పైనుంచి తీర్పు చెప్పకపోవడానికి ఇది ఒక కారణమని నా ఊహ.

అయితే ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. చంపేవాడి మీద ఇంత జాలి ఎందుకు, చచ్చేవాడి సంగతేమిటి అని. నిజమే, ఆ కైదీ నేరమేమిటో సినిమా చెప్పదు, అతన్ని దగ్గరగా చూపించదు. నేరం చెబితే మనం వెంటనే తూకం పట్టుకుని కూర్చుంటాం, ఇతనికి ఈ శిక్ష తగునా తగదా అని. ఆ తూకాన్ని బెర్లాంగా మన చేతికి ఇవ్వలేదు. మనకు చచ్చేవాళ్ల గురించి మాట్లాడటం కొంత తెలుసు. 1975 డిసెంబరు 1న, ఎమర్జెన్సీ రోజుల్లో, ముషీరాబాద్ జైల్లో నక్సలైట్ ఉద్యమానికి చెందిన కిష్టా గౌడ్, భూమయ్యలను ఉరి తీశారు. ఆ జైలు స్థలంలో ఇప్పుడు గాంధీ ఆసుపత్రి ఉంది. ఆ ఇద్దరి పేర్లు తెలుగు నేల మరిచిపోలేదు. కాని వాళ్ల గురించి ఎన్నోసార్లు చదివిన నేను, ఆ తెల్లవారుజామున మీట మీద ఉన్న చెయ్యి ఎవరిదని, ఆ చేతికి ఇంట్లో ఎవరు అన్నం పెట్టారని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఈ సినిమా చూశాకే ఆ ప్రశ్న వచ్చింది. ఆ ప్రశ్న వేస్తే చనిపోయినవాళ్లకు ఏమీ తగ్గదు. ఆ చెయ్యి లేనిదే ఏ ప్రభుత్వమూ ఎవర్నీ ఉరి తీయజాలదు గనక, అడగవలసిన ప్రశ్నలలో అదీ ఒకటి.

మన మాటలోనే ఆ చెయ్యి ప్రయాణం కనిపిస్తుంది. నాగార్జునకొండ ఇక్ష్వాకుల శాసనాల్లో మహాతలవరులంటే గొప్ప అధికారులు. తర్వాతి కాలంలో తలవరి, తలారి అంటే ఊరికి కాపలా కాసే మనిషి. అది ఇంటిపేరుగా ఇప్పటికీ ఉంది. ఈనాటి పత్రికల్లో తలారి అంటే ఉరి తీసేవాడే. స్పానిష్‌లో వెర్దూగో అంటే మొదట పచ్చి చిగురు కొమ్మ, తర్వాత ఆ కొమ్మతో చేసిన చర్నాకోల, చివరికి దాన్ని ఝళిపించే మనిషి. రెండు భాషల్లోనూ ఆ మాట ఎక్కడో మామూలు చోట పుట్టి, ఒక్కో మెట్టే దిగి, ఈ మనిషి దగ్గరకు చేరింది. హోసే లూయిస్ కూడా అలాగే చేరాడు.

ఈ కథకు మూలమైన నిజమైన సంఘటన ఒకటి ఉంది. 1959 మేలో వలెన్సియా జైల్లో పిలార్ ప్రాదెస్ అనే పనిమనిషిని, విషం పెట్టి చంపిన నేరానికి, గరోటెతో చంపారు. స్పెయిన్‌లో అలా చంపబడిన ఆఖరి స్త్రీ ఆమె. చంపవలసింది ఆడమనిషినని తెలిసి తలారి ఒప్పుకోలేదని, గంటల తరబడి బతిమాలి, మత్తెక్కించి, చివరికి అతన్ని ఈడ్చుకుపోయారని ఒక లాయరు స్నేహితుడి ద్వారా బెర్లాంగా విన్నాడు. తెల్ల గది ఆ మాటల్లోంచి పుట్టింది. ఆ తలారి పేరు ఆంతోనియో లోపెస్ సియెర్రా. ఆయన ఆ రోజు ఏమన్నాడో, ఇంకెప్పుడూ చేయనన్నాడో లేదో, నాకు తెలియదు. పదిహేనేళ్ల తర్వాత, 1974 మార్చి 2న, బార్సిలోనా జైల్లో ఇరవై అయిదేళ్ల అనార్కిస్టు సల్వదోర్ పుచ్ అంతిక్‌ను చంపడానికి మాడ్రిడ్ నుంచి ఒక తలారిని పిలిపించారు. సంచి పట్టుకుని వచ్చింది ఆయనే.